థావిల్ అన్నకు నయం చేసినవాళ్లు

మా నోంగ్ సిమ్ ఊళ్లో జనం పోగయ్యే చోట్లు మూడే. విహారం, లాటరీ టికెట్లవాడి సైకిలు, థావిల్ అన్న పక్షవాతం. మొదటి రెండింటికీ వేళలున్నాయి. మూడోది ఎప్పుడు పడితే అప్పుడు దర్శనమిచ్చేది.

నా బొప్పాయి పచ్చడి బండి సరిగ్గా ఆయన ఇంటి ఎదురుగా ఉంటుంది. పచ్చి బొప్పాయి తురుము రోట్లో వేసి, మిరపకాయలు వేసి, పులిసిన చేపల ఊట పోసి దంచడం నా వృత్తి. అది చేతులు చేసుకుపోయే పని. కళ్లకూ చెవులకూ రోజంతా సెలవే. ఆ సెలవులన్నీ నేను రోడ్డుకు అవతలి పక్కనే గడిపాను. కాబట్టి థావిల్ అన్నకు నయం చేసింది ఫలానావాళ్లని ఎవరైనా వాదిస్తే, ముందు నా దగ్గరకు రావాలి. పచ్చడి కూడా కొనాలి.

తాను మామూలు మనిషిని కాదని థావిల్ అన్నకు చిన్నప్పటినుంచీ గట్టి నమ్మకం. వయసులో ఉండగా మందులమ్మే వ్యానులో ఊరూరా తిరిగి సినిమాలు ఆడించాడు. పొలంలో తెర కట్టేవాళ్లు, బొమ్మ పడేది, గొంతు మాత్రం ఉండేది కాదు. మైకు ముందు కూర్చుని హీరోకీ, విలనుకీ, హీరోయినుకీ, హీరోయిను తల్లికీ, అవసరమైతే గుర్రానికీ ఆయనే గొంతిచ్చేవాడు. హీరో గుండెలో కత్తి దిగబోయే క్షణాన రీలు ఆపించి, "హీరో బతకాలా వద్దా? బతకాలంటే ముందు ఈ నులిపురుగుల మందు కొనండి!" అనేవాడు. జనం కొనేవాళ్లు. ఆ మందుతో నయమైనవాళ్లను నేను చూడలేదు, చచ్చినవాళ్లనూ చూడలేదు. మందుకు అంతకన్నా మంచి పేరేం కావాలి?

ఇంటింటికీ టీవీ వచ్చాక ఆ వ్యాను మూలపడింది. అన్న కూడా అత్తారింటికి తిరిగొచ్చి మూలపడాల్సిందే గాని, ఆయనకు మూల నచ్చదు. ఊళ్లో పెళ్లికీ, చావుకీ, పడవ పందేలకీ మైకు ఆయన చేతిలోనే ఉండేది. పొలం పని మాత్రం భార్య నువాన్ అక్క చేతిలో ఉండేది. నువాన్ అక్క మాటల మనిషి కాదు. తన వాటా మాటలు కూడా పెళ్లిరోజే మొగుడికి రాసిచ్చేసిందని ఊళ్లో అనుకుంటారు.

బాణాల పండుగలో, వాన దేవుడికి రాకెట్లు వదిలేచోట, మైకు పట్టుకుని అరుస్తూ అరుస్తూనే ఆయన ఒక పక్కకు ఒరిగిపోయాడు. నటిస్తున్నాడనుకుని మేమంతా చప్పట్లు కొట్టాం. నేనైతే ఈల కూడా వేశాను. అక్క ఒక్కతే మైదానానికి అడ్డంగా పరుగెత్తింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక కుడి కాలూ కుడి చెయ్యీ ఆయన మాట వినడం మానేశాయి. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. దేవుళ్లందరూ కలిసి చేసిన అన్యాయం అదేనని అక్క తరఫు చుట్టాలు అన్నారు. మా వైపు ఇళ్లు స్తంభాల మీద నిలబడతాయి; ఇంటి కింద, ఆ స్తంభాల మధ్య నీడలో వెదురు మంచం వేసి ఆయన్ను పడుకోబెట్టారు. మొదట్లో ఊరంతా వచ్చింది. గుడ్లు తెచ్చారు, అరటిపళ్లు తెచ్చారు, తమ తమ చుట్టాల పక్షవాతాల కథలు తెచ్చారు. తర్వాత నాట్లు మొదలయ్యాయి, ఊరు పొలంలోకి దిగిపోయింది. ఇక ఆయన, ఆయన కోళ్లు, తాళం వేసుకున్న వీధి. అక్క పొద్దున్నే ఆయన్ను భుజం మీద వేసుకుని లేపి, కడిగి, జిగురన్నం తినిపించి, మంచం మీద వాల్చి పొలానికి పోయేది. సాయంత్రం వచ్చి మళ్లీ మోసేది. పగలంతా ఆయన కోళ్లకు డైలాగులు చెప్పేవాడు. కోడిపుంజుకు విలను గొంతు. నేను రోడ్డు మీంచి నవ్వేదాన్ని. కాసేపటికి నాకూ నవ్వు వచ్చేది కాదు.

అప్పుడొచ్చింది పట్నం చర్చి వాళ్ల తెల్ల పికప్పు.

వాళ్లు నిజానికి మా వెనక వీధి ఖెన్ ముసలమ్మ కోసం వచ్చారు. బండి నా దగ్గర ఆపి, పాస్టరు విథూన్ గారు దిగారు. ఇస్త్రీ చొక్కా, మడతలు చెదరని నవ్వు. ఆయన వెనక గిటారు పట్టుకుని యర్మో అనే పొడుగాటి తెల్లాయన దిగాడు. మా దగ్గర తెల్లవాడికీ జామకాయకీ ఒకటే పేరు, ఫరాంగ్. ఈయన ఎండకు కమిలి, జామకాయకు కాకుండా దాని లోపలి ఎర్ర గుజ్జుకు దగ్గరగా ఉన్నాడు. చివర సంచీ భుజాన వేసుకుని, ఉద్యోగం నుంచి దిగిపోయిన నర్సు చరూనీ గారు దిగారు.

"ఖెన్ అమ్మమ్మ ఇల్లెక్కడమ్మా?" అన్నారు పాస్టరు గారు.

"ఇల్లు అక్కడే ఉందండీ. ఆవిడే లేదు. పోయిన వారం దహనం అయిపోయింది."

"అయ్యయ్యో! ఆలస్యం చేశాం."

"ఆవిడేమీ ఎదురుచూడలేదు లెండి."

ముగ్గురూ తల వంచుకుని నిలబడ్డారు. బండిలో బిస్కెట్ల డబ్బా, పాల పొడి, ఊళ్లోకి తెచ్చిన ప్రార్థన, అన్నీ అలాగే ఉండిపోయాయి. పాస్టరు గారు బండివైపు ఒకసారి చూసుకున్నారు. "ఊళ్లో ఇంకెవరైనా జబ్బుతో ఉన్నారా అమ్మా?" కొర్రమీను అయిపోతే జెల్లయినా ఉందా అని అడిగినట్టే అడిగారు.

నేను రోకలి ఎత్తి రోడ్డు అవతలికి చూపించాను.

వాళ్ల వెనకే నేనూ వెళ్లాను. రోట్లో పచ్చడి ఎక్కడికీ పారిపోదు కదా.

థావిల్ అన్న వాళ్లను చూసీ చూడగానే అడిగిన మొదటి మాట, "మీరేం అమ్ముతారు?"

"మేమేమీ అమ్మమండీ. ప్రేమతో పలకరించిపోదామని వచ్చాం," అన్నారు పాస్టరు గారు.

"మేమూ అలాగే చెప్పేవాళ్లం. ముందు సినిమా ఉచితం."

పాస్టరు గారి నవ్వులో మొదటి మడత పడింది. యర్మో మోకాళ్ల మీద కూర్చుని, అన్న చచ్చుపడిన చెయ్యి పట్టుకుని తన భాషలో చాలాసేపు మాట్లాడాడు. చేతులూపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతా అయ్యాక పాస్టరు గారు బడిపుస్తకంలోని బ్యాంకాక్ భాషలో, "దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడని అంటున్నారు," అన్నారు.

అన్న కాసేపు ఎదురుచూశాడు. "అంతేనా?"

"అంతేనండీ."

"ఏంటి పాస్టరు గారూ అంతే! అంత పొడుగు మనిషి అంతసేపు ఏడిస్తే, మీరు కరెంటు బిల్లు చదివినట్టు చదివారే! ఇలా చెబితే జనం సగం రీలుకే చాపలు చుట్టుకుని పోతారు. ఆయన్ని మళ్లీ చెప్పమనండి. నేను చెబుతా గొంతు."

యర్మోకు ఏం అర్థమైందో గాని మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన నోరు తెరవగానే అన్న హీరో గొంతు ఎత్తాడు, మా ఊరి లావో యాసలో. "ఓరి థావిలూ! మంచుకొండలు దాటి, ఏడు సముద్రాలు దాటి నీకోసం వచ్చానురా! ఈ కుర్రది ఎవరు, పచ్చడి అమ్ముతూ నీ గుమ్మంలో చెవులు రిక్కించి నిలబడింది?" నా వయసు యాభై దాటింది. అయినా "కుర్రది" అన్నాడు కాబట్టి ఊరుకున్నాను.

పొలం నుంచి వచ్చేవాళ్లు ఆగారు, పిల్లలు పోగయ్యారు. యర్మో తన మాట తొలిసారిగా ఈ దేశంలో ఎవరి గుండెకో తగిలిందనుకుని అన్నను కావలించుకుని ఏడ్చాడు. పాస్టరు గారు ఫోటో తీశారు. చరూనీ గారు మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా కాలి దగ్గర కూర్చుని, మోకాలు వంచి చూసి, వేళ్లు గిల్లి చూశారు.

"నొప్పి తెలుస్తోందా?"

"గిల్లితే తెలీదా అమ్మా!"

"అయితే ఈ కాలు చావలేదు, బద్ధకిస్తోంది. ప్రార్థన సంగతి దేవుడు చూసుకుంటాడు. కాలి సంగతి నువ్వే చూసుకోవాలి." అరికాలికి పాత గుడ్డ తగిలించి, మంచి చేత్తో ఎలా లాగాలో నేర్పారు. "రోజూ చెయ్యి. వచ్చే శనివారం వచ్చి చూస్తా. చెయ్యకపోతే నాకు తెలిసిపోతుంది."

అలా శనివారాలు మొదలయ్యాయి. ఈ మాట విహారం దాకా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. అన్న పడిపోయిన దగ్గర్నుంచి అటు తొంగిచూడని పెద్ద భిక్షువు గారికి, మర్నాడే కరుణ పొంగింది. మంత్రించిన నీళ్లు తెచ్చి ఇల్లంతా చిలకరించి, "పూర్వజన్మ కర్మ," అని ఓదార్చారు. మెడలో బుద్ధుడి బిళ్ల వేశారు. ఆయన వచ్చారని తెలిసి, బెదిరిపోయిన జీవాన్ని ఒంట్లోకి తిరిగి పిలిచే తొంగ్యోయి అవ్వ కోడిగుడ్డూ తెల్లదారాలూ పట్టుకుని దిగింది. పందెం రంజుగా మొదలైంది.

అన్న ఎవర్నీ నొప్పించలేదు. మణికట్టుకు అవ్వ దారాలు, మెడలో భిక్షువు గారి బిళ్ల, తలగడ కింద పాస్టరు గారి బైబిలు. ఎవరి బండి చప్పుడు వినిపిస్తే వాళ్ల సామాను పైకి తీసి, మిగతావాళ్లది దుప్పటి కింద తోసేవాడు. ఒక్క చేత్తో, ఎంత చురుగ్గానో! ఎవరొచ్చినా నువాన్ అక్క పొలం పని వదిలి వచ్చి చాప పరిచేది, మంచినీళ్లిచ్చేది, వాళ్లు పోయాక గిన్నెలు కడిగేది. ఆవిడ ఏ ఫోటోలోనూ లేదు. ఫోటో తీసేటప్పుడు కాస్త పక్కకు జరగమనేవాళ్లు.

ఏడాది తిరిగి మళ్లీ నాట్లొచ్చాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం. వీధిలో పురుగు లేదు. నేను బండి వెనక కునికిపాట్లు పడుతున్నాను. అన్న ఇంట్లో కోడిపుంజు పొయ్యి దగ్గరకు చేరి జిగురన్నం బుట్ట మూత లాగుతోంది. అన్న "హుష్" అన్నాడు. అది వినలేదు. విలను గొంతుతో తిట్టాడు. అదీ వినలేదు. అప్పుడు థావిల్ అన్న మంచం మీంచి లేచి, స్తంభం పట్టుకుని, కుంటుకుంటూ పొయ్యి దాకా పోయి, పుంజును ఒక్క తన్ను తన్ని, బుట్ట మూత పెట్టి, తిరిగొచ్చి పడుకుని, నీరసంగా కళ్లు మూసుకున్నాడు.

నేను రోడ్డు దాటి ఎలా వెళ్లానో నాకే తెలీదు.

"అన్నా!"

"నువ్వేం చూళ్లేదు, లమై."

"నేను చూళ్లేదు. నీ తన్ను తిన్న కోడి చూసింది. దాన్ని పిలిచి అడగనా?"

"మెల్లగా అరవ్వే తల్లీ!"

"ఎన్నాళ్లయింది?"

"వానలు మొదలైనప్పట్నుంచీ కాస్త కాస్త..."

"మరి లేచి తిరగొచ్చుగా!"

"లేచి ఎవరి పేరు చెప్పను?" అన్నాడు. "ఏసు లేపాడంటే రేపు నేను పోతే విహారంలో నా కట్టె దగ్గర మంత్రం చదివేదెవరు? భిక్షువు గారు లేపారంటే చరూనీ గారు ఈ కాలు విరగ్గొడతారు. తొంగ్యోయి అవ్వ పేరెత్తకపోతే వెళ్లిన దయ్యాన్ని వెంటబెట్టుకుని మరీ వస్తుంది. నా బాధ నీకేం తెలుసు?"

"అసలు సంగతి చెప్పు."

ఆయన దారాలు లెక్కపెట్టుకుంటున్నట్టు మణికట్టు తిప్పుకున్నాడు. "నడిచే థావిల్‌ని చూడ్డానికి ఎవరొస్తారే? నడిచినన్నాళ్లూ మైకుంటేనే వచ్చారు. పోయిన నాట్లప్పుడు కోళ్లతో మాట్లాడాను. మళ్లీ అదా?"

"మరి అక్క నడుం సంగతో?"

ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. ఇన్ని గొంతులున్న మనిషికి ఒక్క గొంతూ దొరకలేదు.

ఆ సాయంత్రమే నేను కాలువ గట్టు మీద అక్కను పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. అక్క తడిసిన తలగుడ్డ పిండుకుంటూ విన్నది.

"తెలుసులే."

"తెలుసా!"

"చేపల కూర అటక మీద పెట్టి పోతున్నా. సాయంత్రానికి పెద్ద ముక్కలు ఉండట్లేదు. మంచంలో ఉన్నవాడు అటకెలా ఎక్కుతాడు?"

"మరి ఇంకా ఎందుకు మోస్తున్నావక్కా? బుద్ధుందా నీకు?"

అక్క తలగుడ్డ విదిలించి మళ్లీ చుట్టుకుంది. "శనివారం వస్తోందంటే శుక్రవారం గడ్డం గీసుకుంటున్నాడే. మా పెళ్లికి కూడా గీసుకోలేదు. లేచే రోజుకు లేస్తాడులే." తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. పతివ్రతల గురించి విహారంలో చాలా కథలు విన్నాను గాని, వాళ్లలో ఎవరికీ ఇంత ఓపిగ్గా మొగుడి అబద్ధాన్ని మొయ్యాల్సిన పని పడలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చి, వచ్చాక ఆగలేదు. మోకాలిలోతు నీళ్లలో నాట్లు. అక్క పిక్కలు నొప్పులంటూ, ఒళ్లు వేడిగా ఉందంటూ ఒకటి రెండుసార్లు నా బండి దగ్గర కూలబడి లేచింది. జ్వరం బిళ్ల మింగి మళ్లీ పొలానికి పోయింది. జబ్బుపడే హక్కు ఆ ఇంట్లో అప్పటికే ఇంకొకరి పేరు మీద ఉంది.

శనివారం పికప్పు వచ్చింది. ఈసారి యర్మోకు నా పచ్చడి తినాలనిపించిందట. చేపల ఊట లేకుండా, మిరపకాయలు లేకుండా అడిగాడు. అలాంటిదాన్ని మేం పచ్చడి అనం, జ్వరం వచ్చిన పిల్లలకు పెడతాం. అయినా దంచి పళ్లెంలో పెట్టుకుని వెళ్లాను. అక్క చాప పరుస్తోంది. చరూనీ గారు ఆవిడ మొహం చూసి ఆగారు.

"ఏమ్మా, కళ్లు అంత ఎర్రగా ఉన్నాయేం?"

"పొయ్యి పొగండీ."

ఆవిడ ఇంకేదో అడగబోయారు గాని పాస్టరు గారు అప్పటికే, "ప్రార్థిద్దాం," అనేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను బౌద్ధురాలిని, నాకు ఆ అవసరం లేదు. కానీ చేతిలో పళ్లెంతో నేనొక్కదాన్నే గుడ్లు మిటకరించుకుని నిలబడితే ఏం మర్యాదగా ఉంటుందని నేనూ మూశాను. థావిల్ అన్న మాత్రం మూయలేదట. ఆట ఆడుతున్నంతసేపూ ఆటగాడు జనాన్ని చూస్తూనే ఉండాలి, అది ఆయన వృత్తి నియమం.

పాస్టరు గారు, "ఈ సహోదరుణ్ణి లేవనెత్తు ప్రభువా," అంటూ గొంతు పెంచారు. వెనక స్టీలు చెంబులు దొర్లిన చప్పుడు. వెదురు మంచం కిర్రుమంది. ఎవరూ కళ్లు తెరవలేదు; ప్రార్థనలో అడ్డం వచ్చే చప్పుళ్లన్నీ సైతానువని వాళ్ల నమ్మకం. "లేవనెత్తు, లేవనెత్తు," అని యర్మో కూడా అందుకున్నాడు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి మంచం ఖాళీ.

ఇంతకాలం తిరిగి, ఇన్ని ఇళ్లు ఎక్కి దిగి, వాళ్లు ఎదురుచూసిన అద్భుతం ఆరడుగుల దూరంలో జరిగింది. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మూడు జతల కళ్లు, నావి కలిపి నాలుగు, అన్నీ భక్తిగా మూసుకుని ఉన్నాయి.

అన్న వంటగది గుమ్మంలో నేలమీద కూర్చుని ఉన్నాడు. అక్క తల ఆయన ఒళ్లో ఉంది. చుట్టూ నీళ్లు, దొర్లిన చెంబులు.

"హల్లెలూయా!" అని యర్మో మోకాళ్ల మీద పడ్డాడు. పాస్టరు గారి కళ్లలో నిజంగానే నీళ్లు వచ్చాయి, ఫోను తీశారు. గోడ అవతలివాళ్లు, "థావిల్ లేచాడు! థావిల్ నడిచాడు!" అని వీధి పొడుగునా అరిచారు. జనం ఆయన కాలు చూడ్డానికి తోసుకున్నారు.

అప్పుడు అన్న అరిచాడు. హీరో గొంతు కాదు, విలను గొంతు కాదు. అన్నేళ్ల ఇరుగుపొరుగులో నేనెన్నడూ వినని గొంతు. "నన్ను కాదురా, దీన్ని చూడండి! ఎవరైనా దీన్ని చూడండి!"

చరూనీ గారు అందర్నీ మోచేతులతో నెట్టుకుని వచ్చారు. కనురెప్ప ఎత్తి చూశారు, పిక్క నొక్కి చూశారు. మూలిగింది అక్క. "ఎలుకల జ్వరం. పొలం నీళ్లలోంచి వచ్చింది. పాస్టరు గారూ, ఆ ఫోను లోపల పెట్టి బండి తియ్యండి!" పాస్టరు గారు తీశారు. యర్మో అక్కను ఎత్తుకుని పరుగెత్తాడు. చెప్పొద్దూ, ఆ మనిషి పొడవు ఆరోజు పనికొచ్చింది. బిస్కెట్ల డబ్బాలు రోడ్డు మీద దింపి అక్కను పడుకోబెట్టారు. అన్న ఎవరి చెయ్యీ అడక్కుండా బండి వెనక ఎక్కాడు.

జ్వరం మూత్రపిండాలకు పాకిందన్నారు డాక్టర్లు. కొన్నాళ్లు అటా ఇటా అన్నట్టు ఉంది. అన్న ఆవిడ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కదల్లేదు. పలకరింపులు మాత్రం ఆసుపత్రికి కూడా వచ్చాయి. మొత్తం పట్నం చర్చి వచ్చింది, ఆయన మోకాలు ముట్టుకోవడానికి. పెద్ద భిక్షువు గారు వచ్చారు. తొంగ్యోయి అవ్వ బస్సెక్కి వచ్చింది. ఖర్మ కాలి ముగ్గురూ ఒకేపూట వచ్చారు.

"దేవుడి మహిమ," అన్నారు పాస్టరు గారు వినయంగా.

"పుణ్యఫలం," అన్నారు భిక్షువు గారు ఇంకా వినయంగా.

"నా దారాలు తెంపి చూడండి, అప్పుడు తెలుస్తుంది," అన్నది అవ్వ. ఆవిడకు వినయం అలవాటు లేదు.

అన్న కుర్చీలోంచి లేచాడు. "రోగి మంచం మీద ఉందండీ. కుర్చీలో ఉన్నది రోగి మొగుడు. ముందు ఆవిడ్ని పలకరించండి. పేరు నువాన్. తెలుసా మీలో ఎవరికైనా?"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిడ చేతి నీళ్లు ఏడాదిపాటు తాగినవాళ్లు. వార్డు నర్సు వచ్చి సర్వమతాలనూ సమానంగా బయటికి గెంటింది.

అక్క కళ్లు తెరిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. మొగుణ్ణి చూసి అడిగింది, "నిన్నెవరు మోసుకొచ్చారు ఇక్కడికి?"

"నేనే వచ్చాను."

"అయితే పోయి నీళ్లు పట్టుకురా."

ఆయన చెంబు తీసుకుని నడవా చివరి దాకా కుంటుతూ వెళ్లాడు. తిరిగొచ్చేసరికి సగం ఒలికిపోయింది. అక్క మిగిలిన సగం తాగింది.

వాళ్లు ఇంటికి వచ్చాక పాస్టరు గారు ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమని అడిగారు. చెబుతానన్నాడు అన్న. మైకిస్తామనగానే ఆయన కళ్లు వెలగడం నేను చూశాను కాబట్టి, ఏం ముంచుకొస్తుందోనని భయపడి నేనూ అక్కా వెంట వెళ్లాం. చర్చి కిటకిటలాడుతోంది. అన్న మైకు పట్టుకున్నాడు. అక్క ఎక్కడుందో చూసుకున్నాడు.

"నేను ఆ శనివారం లేవలేదండీ," అన్నాడు. "వానలు మొదలైనప్పుడే లేచాను. మీరు వస్తారని పడుకున్నాను. నేను నడుస్తానని మీకు తెలిస్తే రారని పడుకున్నాను. నా పెళ్లాం నన్ను మోసింది. ఆవిడకు తెలిసి కూడా మోసింది. ఇందులో మీ దేవుడు ఏ పని ఎంత చేశాడో నాకు తెలీదు. చరూనీ గారు గుడ్డతో కాలు లాగమన్నారు, లాగాను. మీరు వచ్చారు, సంతోషంగా ఉండింది. అంతే."

అన్న ఏమన్నాడో చెప్పమని యర్మో పాస్టరు గారి మోచెయ్యి పట్టుకున్నాడు. పాస్టరు గారు కావాలంటే రెండు ముక్కల్లో "దేవునికి స్తోత్రం అంటున్నాడు" అని చెప్పేయొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. ఆయన మొహం బూడిదరంగుకు తిరిగింది గాని, మాట మాటా చెప్పారు. ఈసారి కరెంటు బిల్లులా చదవలేదు. చరూనీ గారు మాత్రం మొహానికి పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నారు.

మమ్మల్ని ఇంటికి దింపడానికి పాస్టరు గారే పికప్పు తీశారు. మా వీధి మలుపులో పాస్టరు గారు బండి ఆపి, రోడ్డు వైపే చూస్తూ అన్నారు. "చెరువవతలి ఊళ్లో ఒక ముసలాయన ఉన్నాడు. మంచం పట్టి, ఎవరితోనూ మాట్లాడడం లేదు. మా మాటలకు గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. మీరు ఒకసారి వస్తారా?"

"నేను క్రైస్తవుణ్ణి కాదుగా."

"ఆయనా కాదు."

అన్న వెళ్లాడు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆ బండి వెనక, మెడలో భిక్షువు గారి బిళ్లతోనే, ఏసు బృందంలో చేతికర్ర పట్టుకుని కూర్చుని పోతున్నాడు. పట్నం చర్చిలో కొందరికి ఇది నచ్చలేదు, మా విహారంలో కొందరికి అసలే నచ్చలేదు. ఏ ఇంటికి వెళ్లినా మంచం దగ్గరకు ముందు పోడట. వంటగదిలోకి తొంగిచూసి, "ఈ ఇంట్లో ఆయనకు అన్నం పెట్టేదెవరమ్మా? ఇలా వచ్చి కూర్చో," అంటాడట. అప్పటిదాకా యర్మో రోగి దగ్గర గిటారు వాయిస్తూ ఉంటాడు. ఒకావిడ అలా కూర్చోమంటే కూర్చుని, చాలాసేపు ఏడ్చిందట. అన్న ఆరోజు ఏ గొంతూ చెప్పకుండా తిరిగొచ్చాడు. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదని అక్క చెప్పింది.

నువాన్ అక్క ఇప్పుడు సగం పొలం కౌలుకిచ్చేసింది. నడుం ఇక బాగుపడదట. నా బండి దగ్గర పీట వేసుకుని వెల్లుల్లి ఒలుస్తుంది. మాటలు ఇంకా తక్కువే గాని, ఉన్న కాసిని ఇప్పుడు తనే వాడుకుంటోంది.

పాస్టరు గారు ఆశ వదులుకోలేదు. మొన్న శనివారం అన్నను దింపుతూ, బాప్తిస్మం సంగతి మళ్లీ కదిపారు. "చలి తగ్గాక నదిలో ముంచి ఇద్దామనుకుంటున్నాం, ఏమంటారు?"

థావిల్ అన్న అక్క వైపు చూశాడు. అక్క వెల్లుల్లి మీంచి తల ఎత్తలేదు.

"ముంచుకోండి, మీ ఇష్టం. వాతం చేసి మళ్లీ మంచమెక్కితే మాత్రం, ఈసారి మీరే మోసుకోండి," అన్నది అక్క.

పాస్టరు గారు ఆలోచించుకుని చెబుతామన్నారు.